కాపర్ తల ఎందుకు విదిలించాడు

ఏప్రిల్ రెండో వారం. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకు పడమటి వైపున, పొలాల మధ్య ఉన్న గుర్రపుశాల. ఉదయం పదిన్నర అయి ఉంటుంది, ఎండ అప్పటికే తెల్లగా కాస్తోంది. మా గుర్రం కాపర్‌ను నడక నుంచి చిన్న పరుగులోకి తీసుకున్నాను. పది అడుగులు వేశాడో లేదో, ముక్కు కొనకు ఎవరో కరెంటు తీగ తాకించినట్టు తల ఒక్కసారిగా పైకి ఎగిరి కిందికి పడింది. మళ్లీ ఎగిరింది. మళ్లీ. పగ్గం లాగి నిలబెట్టాను. నిలబడ్డాడు గాని తల నిలవలేదు. గట్టిగా చీదాడు. ముందుకాలు ఎత్తి తన ముక్కును తానే కొట్టుకోబోయాడు. మూతిని నేలకేసి రాశాడు. నేను దిగి ముఖంలోకి చూశాను. కళ్ల చుట్టూ చర్మం బిగుసుకుపోయి ఉంది. పన్నెండేళ్ల గుర్రం, అయిదేళ్లుగా నా దగ్గరే ఉంది. అలాంటి చూపు వాడి కళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

నీడలోకి తీసుకెళ్లి వదిలితే, పక్కనున్న గుర్రం తోకలో ముఖం దాచుకుని నిలబడ్డాడు.

సాయంత్రానికల్లా నాకు కారణం చెప్పినవాళ్లు ఆరుగురు. ఒకాయన కళ్లెం గుచ్చుకుంటోందన్నారు. ఒకావిడ, ముద్దు చేస్తే నెత్తికెక్కుతాయి, ఇది వట్టి మొండితనం అన్నారు. మిగిలిన నలుగురూ ఒకే మాట అన్నారు: అలెర్జీ. ఓక్ చెట్లు పూశాయి, ఆలివ్ తోటలు పూతకొస్తున్నాయి, గడ్డి కంకి వేసింది, మనకే తుమ్ములు ఆగడం లేదు, నోరులేని జీవి దానికి మాత్రం ఉండదా అన్నారు. నేనూ నమ్మాను. నమ్మి ఏడు నెలలు పోగొట్టాను. ఆ ఏడు నెలలూ నొప్పి భరించింది వాడు. అందుకే ఇది రాస్తున్నాను.

తల విదిలించే గుర్రం విషయంలో అలెర్జీ అనేది వెతకడం మొదలుపెట్టేటప్పుడు రాసుకోవాల్సిన అనుమానాల్లో ఒకటి. దాన్నే తీర్పుగా రాసేసుకుంటే వెతకడం అక్కడితో ఆగిపోతుంది. మొండితనం అనుకున్నా అలాగే ఆగిపోతుంది. మొదటి మాటలో జాలి ఉంది, రెండోదానిలో కరుకుదనం ఉంది. గుర్రానికి మాత్రం రెండింటి వల్లా జరిగేది ఒకటే, దాని నొప్పి గురించి ఎవరూ అడగరు.

నేను ఫార్మసిస్టును. వసంతం వచ్చిందంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలెర్జీ మాత్రలే అందిస్తుంటాను. ముక్కు రాసుకోవడం, చీదడం, పూత కాలంలో మొదలై ఆకు రాలే వేళకు తగ్గిపోవడం చూస్తే పుప్పొడి తప్ప నాకు ఇంకేమీ తట్టలేదు. పశువైద్యుడిని పిలిచాను, ఆయన యాంటీహిస్టమిన్ అనే అలెర్జీ మందు రాసిచ్చారు. రెండు వారాలు చూశాం. కొంచెం తగ్గినట్టే అనిపించింది. తర్వాత తగ్గనట్టు అనిపించింది. మోతాదు పెంచాం. ఈ 'అనిపించడం' గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా మోసం చేసింది అదే.

జూలైలో రక్తపరీక్ష చేయించాను. ఏ పుప్పొడికి, ఏ బూజుకు, ఏ పురుగుకు గుర్రం రక్తంలో ఐజీఈ అనే ప్రతిరక్షకాలు ఎంతెంత ఉన్నాయో చెప్పే పరీక్ష అది. మూడు పేజీల కాగితం వచ్చింది. పద్నాలుగు పేర్లకు ఎదురుగా ఎర్రగీతలు ఉన్నాయి. అది చూసి నాకు దాదాపు ఏడుపొచ్చింది, శత్రువు పేరు తెలిసిందన్న ఊరటతో. ఎండుగడ్డి మార్చాను, ఓట్లు మాన్పించాను, కింద పరిచే రంపపు పొట్టు మార్చాను, పచ్చిక మైదానానికి పంపడం ఆపేశాను. అన్నీ ఒకే వారంలో. కాపర్ తల విదిలిస్తూనే ఉన్నాడు.

మా శాలలోనే ఒక స్నేహితురాలి ఆడగుర్రం ఉంది. ఇరవై ఏళ్లది. దద్దురు గాని, దగ్గు గాని, దురద గాని ఎరగదు. ఆమె నా కోసమే దానికి అదే పరీక్ష చేయించింది. దాని కాగితంలో పదకొండు ఎర్రగీతలు వచ్చాయి.

మందుల షాపులో కౌంటరు వెనక నిలబడి నేను మనుషులకు రోజూ చెప్పే విషయమే ఇది. రక్తంలో ప్రతిరక్షకం ఉండటం ఒకటి, దానివల్ల జబ్బు రావడం వేరొకటి. శరీరం ఫలానా వస్తువును ఎరుగునని పరీక్ష చెబుతుంది. దానితో పోరాడుతోందో లేదో చెప్పలేదు. పుప్పొడి, బూజు లాంటి వాటి సారాన్ని చర్మంలోకి సూదితో కొద్దికొద్దిగా ఎక్కించి బొబ్బ లేస్తుందేమో చూసే పరీక్షలో కూడా ఆరోగ్యంగా ఉన్న గుర్రాలకు బొబ్బలు లేస్తాయి. లక్షణాలను బట్టి అలెర్జీ అని ముందే తేలిన గుర్రానికి, టీకాల లాంటి చికిత్సలో ఏమేమి కలపాలో ఎంచుకోవడానికి ఈ పరీక్షలు పనికొస్తాయి. జబ్బు ఏమిటో తెలియక ముందు వీటిని చేయించడమంటే, దొంగతనం జరిగిందో లేదో చూడకుండా వీధిలో అందరి వేలిముద్రలూ తీసుకోవడం లాంటిది. ఎవరివో ఒకరివి దొరుకుతాయి.

అక్టోబరు చివరికి వాడు ఉన్నట్టుండి బాగుపడ్డాడు. నవంబరులో ఒక రాత్రి నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. ఆయన తెనాలిలో ఉంటారు. మా తాతయ్యకు జట్కా ఉండేది. నాన్నగారి చిన్నతనమంతా ఉలవలు నానబెట్టడం, గుర్రానికి మాలీషు చేయడంతోనే గడిచింది.

"నోరు తెరిచి చూశారా అమ్మా?" అని అడిగారు.

"పళ్లు చూశారు నాన్నా, బాగానే ఉన్నాయన్నారు."

"చెవులు?"

చూడలేదు.

"కళ్లు? ముక్కు లోపల?"

చూడలేదు.

కాసేపు ఊరుకుని, "మీ తాతయ్య అయితే ముందు కళ్లెం తీసేసి చూసేవాడు. తర్వాత నోరు, తర్వాత చెవులు. మూడు రోజులు బండి కట్టేవాడు కాదు. వాడికి ఎక్కడో సలుపుతోందమ్మా. నొప్పి లేకుండా గుర్రం తన ముక్కును తాను కొట్టుకోదు" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణాలు వినడం మానేసి, ఈ జబ్బు గురించి నిజంగా పరిశోధించినవాళ్లు ఏం రాశారో వెతికి చదవడం మొదలుపెట్టాను. నేనుండే చోటికి అరగంట దూరంలోనే డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉంది. దీనిమీద ప్రపంచంలో ఎక్కువ పని జరిగిన చోట్లలో అదొకటి. అక్కడి పశువైద్య పరిశోధకుడు జాన్ మాడిగన్, సహరచయితతో కలిసి, తల విదిలించే 109 గుర్రాల వివరాలను యజమానుల నుంచి సేకరించి 2001లో ప్రచురించారు. వాటిలో 78 విత్తులు తీయించిన మగ గుర్రాలు, 29 ఆడవి. సగటున తొమ్మిదో ఏట మొదలైంది. 64 గుర్రాలకు కాలాన్ని బట్టి వచ్చిపోయే బాధ, ఎక్కువగా వసంతంలో మొదలై వేసవి చివరికో శరత్తుకో ఆగేది. తల పైకీ కిందికీ విదిలించడం, ముక్కులోకి పురుగు దూరినట్టు ప్రవర్తించడం, చీదడం, మూతి రాసుకోవడం, ఎండలో ఎక్కువ కావడం, రాత్రి తగ్గడం. మా కాపర్‌ను పక్కన నిలబెట్టుకుని రాసినట్టే ఉంది. చికిత్సల భాగంలో యాంటీహిస్టమిన్లు, స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు, ఈగల నివారణ, ఆక్యుపంక్చర్ అన్నింటికీ కలిపి రాసిందేమిటంటే, ఫలితం అంతంతమాత్రం.

దానికంటే ముందు, 1987లో, ఇంగ్లండులో లేన్, మెయిర్ అనే ఇద్దరు పశువైద్యులు ఇలాంటి 100 గుర్రాల రికార్డులు పరిశీలించారు. కారణం కావచ్చు అనిపించే లోపం దొరికింది 11 గుర్రాల్లోనే. చెవిలో పురుగులు, లోపలి చెవి వాపు, మెడకు దెబ్బ, కంటి జబ్బు, పంటి వేరు దగ్గర చీము, గొంతు పక్కనుండే గాలి సంచిలో బూజు ఇలాంటివి. ఆ లోపాన్ని సరిచేస్తే తల విదిలింపు ఆగిందని తేలింది రెండే రెండు గుర్రాల్లో. ఈ లెక్క చూసి నిరాశపడి వెతకడమే మానేసేవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ రెండు గుర్రాల్లో ఒకటి మాదే కావచ్చు కదా. చెవిలో పురుగున్న గుర్రానికి ఏళ్ల తరబడి నరాల మందు పోయడం ఎంత అన్యాయం!

గుర్రాలకు అలెర్జీలు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. నిజమైన అలెర్జీ ఎలా ఉంటుందో చూస్తే, తల విదిలింపు దానిలా లేదని కూడా అర్థమవుతుంది. ఐస్‌లాండ్ గుర్రాల సంగతి తీసుకోండి. వేసవిలో గుర్రాలకు జూలు దగ్గరా, తోక మొదట్లోనూ విపరీతమైన దురద వచ్చి, రక్తం కారేదాకా స్తంభాలకు రాసుకుంటాయి. కులికాయిడీస్ అనే, కంటికి ఆనీ ఆననంత చిన్న కుట్టే ఈగ ఉమ్మి దానికి కారణం. ఐస్‌లాండ్ గుర్రాలు తరతరాలుగా ఆ ఈగ పొడ తెలియకుండా పెరిగాయి. వాటిని ఐరోపాకు ఎగుమతి చేస్తే ఏమైంది? ఒక పరిశీలనలో మూడో వంతుకు పైగా గుర్రాలకు ఈ దురద పట్టుకుంది. అదే జాతికి చెంది, ఐరోపాలోనే పుట్టి, చిన్నప్పటి నుంచి ఆ ఈగ కాట్లు తింటూ పెరిగిన గుర్రాలకు అంతగా రాలేదు. పైగా, ఒకసారి దేశం దాటిన గుర్రాన్ని ఐస్‌లాండ్ మళ్లీ లోపలికి రానివ్వదు కాబట్టి, వాటిని ఇంటికి పంపించి నయం చేసే దారి కూడా లేదు. స్విట్జర్లాండులోని బెర్న్‌లోనూ, ఐస్‌లాండ్‌లోనూ శాస్త్రవేత్తలు ఆ ఈగ ఉమ్మిలోని ప్రోటీన్లను ఒక్కొక్కటిగా వేరుచేసి, వాటితోనే టీకా తయారుచేసే పనిలో పడ్డారు. కారణం దొరకడం అంటే నా దృష్టిలో ఇది. ఎక్కడ పెరిగిన గుర్రానికి వస్తోంది, ఏ వేళలో వస్తోంది, ఏది తీసేస్తే పోతోంది అని అడిగి తేల్చారు.

ఈగ దురద ఉన్న గుర్రానికి ఉదయం, సాయంత్రం సంధ్యవేళల్లో బాధ ఎక్కువ, ఆ ఈగలు తిరిగేది అప్పుడే కాబట్టి. ఒంటినిండా వలలాంటి దుప్పటి కప్పితే ఉపశమనం. ఎండుగడ్డి దుమ్ముకూ బూజుకూ ఉబ్బసం వచ్చే గుర్రం శాల లోపల దగ్గుతుంది, ఆరుబయట వదిలితే తేలిక పడుతుంది. కాపర్‌ది దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. శాల చీకట్లో, దుమ్ములో ప్రశాంతంగా ఉంటాడు. ఆరుబయట మిట్టమధ్యాహ్నం నరకం చూస్తాడు. గాలి ముఖానికి కొడితే ఎక్కువ. వాన చినుకు మూతి మీద పడినా ఎక్కువే. వాన పుప్పొడిని కడిగేస్తుంది కదా, మరి అప్పుడు తగ్గాలి కదా అని నేను మొదటి ఏడాదే అడగాల్సింది.

మార్చి మధ్యలో మళ్లీ మొదలైంది. ఈసారి నోటుపుస్తకం పెట్టాను. రోజుకు ఒకే చోట, ఒకే వేగంతో, మూడు నిమిషాల పాటు తిప్పి, మా స్నేహితురాలు ఫోనులో వీడియో తీస్తే, తర్వాత నిమిషానికి ఎన్ని విదిలింపులో లెక్కపెట్టడం. మే నెలలో ఒక రోజు పన్నెండు గంటలకు నిమిషానికి 22. ఆ రోజే రాత్రి పది గంటలకు, అదే మైదానంలో, అదే గడ్డి పక్కన, దారి కనిపించేంత మాత్రం గుడ్డి వెలుతురులో తిప్పాను. ఒక్కటి కూడా లేదు. చీకటి పడితే పుప్పొడి ఆవిరైపోదు. నా ముక్కు కారుతూనే ఉంది, వాడి తల మాత్రం నిశ్చలంగా ఉంది. వాడి మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

వెలుతురుకూ ముక్కుకూ సంబంధమేమిటి? కొందరు మనుషులు చీకటి గదిలోంచి ఎండలోకి వస్తే తుమ్ముతారు, మీ ఇంట్లోనే ఒకరు ఉండొచ్చు. కంటి మీద పడిన వెలుతురు ముక్కులో చురుకు పుట్టిస్తుంది. డేవిస్ పరిశోధకులు 1995లోనే, కొన్ని గుర్రాల్లో తల విదిలింపును ఎండ రేపుతోందని, కళ్లు కప్పితేనో చీకట్లో ఉంచితేనో తగ్గుతోందని రాశారు. ముఖమంతటి స్పర్శనూ మెదడుకు చేరవేసేది అయిదో కపాల నాడి, ట్రైజెమినల్ నాడి. కళ్లు, ముక్కు, పై పెదవి, పళ్లు అన్నీ దాని కొమ్మల కిందికే వస్తాయి. మోనికా అలెమాన్, మాడిగన్, వారి సహచరులు మత్తులో ఉన్న గుర్రాల్లో ఆ నాడిని విద్యుత్తుతో పరీక్షించారు. మామూలు గుర్రాల్లో నాడి స్పందించడానికి 10 మిల్లీఆంపియర్లు, ఆపైన అవసరమైంది. తల విదిలించే గుర్రాల్లో 5 కే, ఇంకా తక్కువకే నాడి స్పందించింది. అంటే మామూలు గాలి, మామూలు వెలుతురు, గడ్డిపోచ తగలడం వాటికి నిప్పురవ్వలా తగులుతుందని అనుకోవచ్చు. బాధ లేని కాలంలో పరీక్షించిన ఒక గుర్రంలో నాడి మామూలు గుర్రానికి లాగానే ఉంది. ఈ చివరి ముక్క చదివి నేను లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. 2017లో ఇంగ్లండు పరిశోధకులు ఈ జబ్బున్న ఆరు గుర్రాల నాడి మూలాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, మనుషుల్లో ఇలాంటి ముఖనొప్పిలో కనిపించినట్టు నాడి పొర ఊడిపోయి లేదు. నాడి చెడిపోలేదు, దాని తీరు మారింది. మారిన తీరు తిరిగి మారవచ్చు. ప్రతి శరత్తులో కాపర్‌లో మారుతూనే ఉంది.

అలా ఎందుకు మారుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. పగటి పొడవు పెరిగే కాలం కాబట్టి హార్మోన్ల మీద అనుమానం ఉంది, విత్తులు తీయించిన మగ గుర్రాలకే ఎక్కువగా రావడం ఆ అనుమానాన్ని పెంచింది. ఆ హార్మోన్లను అణచే టీకా ఇచ్చి చూశారు, ఆశించిన మేలు కనిపించలేదు.

అలెర్జీ పక్షాన ఉన్న సాక్ష్యాన్ని కూడా చెప్పాలి. 2008లో కాలాన్ని బట్టి తల విదిలించే మూడు గుర్రాలకు, అలెర్జీ కంటి చుక్కల మందు సోడియం క్రోమోగ్లైకేట్ వేస్తే బాగా తగ్గింది. మూడు గుర్రాలే అయినా వాటికి తగ్గింది. కాబట్టి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటే ఆ చుక్కలు వేసి చూడటంలో తప్పులేదు. సిప్రోహెప్టడీన్ అనే మందు విషయంలో మాత్రం నాకు ఎప్పుడూ ఒక పొరపాటు మాట వినిపిస్తుంది. ఆ 2001 పరిశీలనలో ఈ మందు ఇచ్చిన 61 గుర్రాల్లో 43 చెప్పుకోదగినంత మెరుగయ్యాయని యజమానులు చెప్పారు. అది యాంటీహిస్టమిన్ కదా, పని చేసిందంటే అలెర్జీయే కదా అంటారు. ఫార్మసిస్టుగా చెబుతున్నాను, ఆ మందు అలెర్జీలో విడుదలయ్యే హిస్టమిన్‌తో పాటు, నాడుల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్‌కూ అడ్డుపడుతుంది, మెదడు మీదా పనిచేస్తుంది. మిగతా యాంటీహిస్టమిన్లు పనిచేయని చోట ఇది పనిచేసిందంటే, కారణం హిస్టమిన్ కాకపోవచ్చని అర్థం. మందు పనిచేసిందని జబ్బు పేరు నిర్ణయించకూడదు. తలనొప్పికీ జ్వరానికీ కూడా పారాసెటమాల్ పనిచేస్తుంది.

ఇప్పుడు 'అనిపించడం' సంగతి. 2013లో ఇంగ్లండులో 32 గుర్రాలతో ఒక పరీక్ష జరిగింది. తల విదిలింపుకు మంచిదని చెప్పే దాణా పొడి కొన్నాళ్లు, అలాగే కనిపించే ఉత్త పొడి కొన్నాళ్లు ఇచ్చారు. ఎప్పుడు ఏది ఇస్తున్నారో యజమానులకు తెలియదు. అసలు పొడి ఉత్త పొడికంటే మేలు చేయలేదు. కాని ఏ పొడి ఇచ్చినా గుర్రం మెరుగైందని యజమానులు చెప్పారు. వాళ్లు అబద్ధమాడలేదు. ప్రేమించేవాళ్ల కన్ను అలాగే చూస్తుంది. అది చదివాక మా ఆయనకు ఒక పని అప్పగించాను. మూడు వారాల పాటు, మూడేసి రోజులకోసారి నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఆ మూడు రోజులూ యాంటీహిస్టమిన్ పొడి, బొరుసు పడితే ఉత్త పిండి, బెల్లపు పాకంలో కలిపి దాణాలో వేయడం. నాకు చెప్పకూడదు, వీడియో లెక్కపెట్టే స్నేహితురాలికీ చెప్పకూడదు. ఆయన కాగితం మడిచి డబ్బాలో వేసుకున్నారు. చివర్లో తెరిచి చూస్తే మందున్న రోజుల సగటు 19, లేని రోజుల సగటు 18. ఏడు నెలల నమ్మకం ఆ ఒక్క కాగితంతో పోయింది.

ఆ తర్వాతే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. నోరు, చెవులు, కళ్లు చూశారు. ముక్కులోంచి కెమెరా గొట్టం పంపి గాలి సంచుల దాకా చూశారు. తలకు సీటీ తీశారు. ఏమీ లేదు. తర్వాత కంటి కిందుగా, చెంప ఎముక వెనక లోతుగా, రెండు వైపులా మత్తు సూది వేశారు, ట్రైజెమినల్ కొమ్మ అయిన పై దవడ నాడి మొద్దుబారేలా. అరగంట ఆగి, మిట్టమధ్యాహ్నం ఎండలో తిప్పమన్నారు. తిప్పాను. పై పెదవి మొద్దుబారింది. ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టు. తల మెడతో సమానంగా, నీళ్ల కుండ మోస్తున్నట్టు నిశ్చలంగా ఉంది. మూడో చుట్టులో చెవులు ముందుకు వచ్చాయి. మార్చి తర్వాత మొదటిసారి ఎండలో నా గుర్రం చెవులు ముందుకు పెట్టి పరుగెత్తడం చూశాను. నన్ను వదిలేయండి, పగ్గం ఇంకెవరైనా పట్టుకోండి అని వైద్యురాలికి చెప్పి గోడ దగ్గరకు వెళ్లి ఏడ్చాను.

ఆ సూది అబద్ధం చెప్పదని కాదు, ఒక్కోసారి మందు నాడికి సరిగా అందక ఫలితం రాదు. కాని అది ఆగిందంటే బాధ ఆ నాడి పరిధిలోనే ఉందన్నది గట్టి సాక్ష్యం. మొండితనానికి మత్తు సూది పనిచేయదు.

ఇంతా చేసి కాపర్‌కు పూర్తిగా నయమైందా అంటే, లేదు. ముక్కుకు వల కడతాం. సన్నని గుడ్డ వల, ముక్కుపుటాల మీద వదులుగా వేలాడుతూ ఎప్పుడూ పైపెదవికి తగులుతూ ఉంటుంది. అది పుప్పొడిని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. దాని కంతల్లోంచి పుప్పొడి హాయిగా వెళ్లిపోతుంది. ఎడతెగని తేలికపాటి స్పర్శ నాడిని మరిపిస్తుందనే వివరణే నాకు సరిగా తోస్తోంది, దెబ్బ తగిలిన చోట మనం రుద్దుకున్నట్టు. మా లెక్కలో 20 నుంచి 9కి దిగింది. కళ్లకు ముదురు రంగు ముసుగు వేస్తే 6. దాణాలో మెగ్నీషియం కలుపుతున్నాం, డేవిస్‌లోనే జరిగిన పరీక్షల్లో దానివల్ల కొంత తగ్గింది. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఇది కలపకండి. ఇంగ్లండులో వెరోనికా రాబర్ట్స్, సహచరులు చర్మం కింద సన్నని సూది పెట్టి ఆ నాడికి విద్యుత్తు ప్రేరణ ఇచ్చే చికిత్స చేస్తూ వచ్చారు. తొలి విడతగా మూడుసార్లు ఇచ్చాక 53 శాతం గుర్రాలకు కొంతకాలం బాధ తగ్గిందని 2020లో ప్రకటించారు. కొన్నింటికి వారాలే, కొన్నింటికి ఏళ్లు. పూర్వం ఆ నాడి కొమ్మను కోసేసేవారు, కొన్ని గుర్రాలు మూతిని పుండ్లు పడేలా గాయపరుచుకునేవి. ఆ దారి ఎవరు సూచించినా వద్దని చెప్పండి. ఏదీ పనిచేయక, చివరికి గుర్రానికి మరణ సూది వేయించిన యజమానులతో నేను మాట్లాడాను. వాళ్లలో ఇద్దరు చివరిదాకా అలెర్జీ అనే అనుకున్నారు.

హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి గుర్రాలున్న తెలుగువాళ్లు నన్ను అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. మన దేశంలో వెతకాల్సిన జాబితా కాస్త వేరు. ముందు కన్ను చూడండి, వెలుతురు పట్టి జాగ్రత్తగా. పశువుల కడుపులో ఉండే సెటేరియా అనే పురుగు పిల్లలు దోమల ద్వారా గుర్రానికి చేరి కంటి నీటిలో ఈదుతూ కనిపిస్తాయి, తెల్లని దారంపోగులా. నీళ్లు కారుతూ, వెలుతురు చూడలేక, తల ఆడించే గుర్రానికి ఇంతకంటే తేలిగ్గా దొరికే కారణం ఉండదు, దాన్ని వైద్యులు తీసేయగలరు. వానాకాలంలో కంటి మూలల్లో, మూతి దగ్గర మానని పుండ్లు పడితే బర్సాతీ కావచ్చు, అది ఈగలు మోసుకొచ్చే పురుగు పిల్లల వల్ల. ఇవి కాదని తేలాకే మిగతావి. ఒకేసారి అన్నీ మార్చకండి. నేను ఒకే వారంలో నాలుగు మార్చాను, వాటిలో ఒకటి పనిచేసి ఉన్నా అదేదో నాకు తెలిసేది కాదు.

ఈ మార్చిలో పదహారో తేదీన మొదటి విదిలింపు రాసుకున్నాను. ఇప్పుడు మేము పొద్దు పొడవక ముందే బయలుదేరుతున్నాం. అయిదున్నరకు జీను వేస్తాను, కాలువగట్టు వెంట నలభై నిమిషాలు తిరిగి, ఎండ కొండ దాటేలోగా శాలకు వచ్చేస్తాం. నాన్నగారికి అప్పుడు సాయంత్రం. నిన్న తోవలో ఉండగానే ఫోన్ చేసి, ఎన్ని అని అడిగారు. రెండు నాన్నా అన్నాను. నిమిషానికా అన్నారు. కాదు, మొత్తం తోవలో.